విదేశీ బ్యాంకుల దివాలా – వర్ధమాన దేశాల షేర్ల బజారు

2008 సెప్టెంబరు 15వ తేదీ సోమవారం నాడు అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా పిటిషన్ దాఖలు చేసినది. 158 సంవత్సరాల వయస్సు గల ఆ సంస్థ లెక్కలలో అప్పటికి 63,900 కోట్ల డాలర్ల ఆస్తులు ఉన్నవి. ఆస్తుల మొత్తాన్ని బట్టి చూచినచో అంత పెద్ద దివాలా అమెరికా చరిత్రలో మరొకటి లేదు. ఆ సంస్థ మన పట్టణాలలో డిపాజిట్లు సేకరించినది కాదు. మన రైతు చేతిలో గాని, చేనేత పనివాని చేతిలో గాని, బడిపంతులు చేతిలో గాని దాని పాసు పుస్తకం లేదు. మన బ్యాంకులు దాని బాండ్లలో పెట్టిన సొమ్ము వాటి మొత్తం వ్యాపారంతో పోల్చినచో బహు స్వల్పం. అయినను ఆ సోమవారం నాడే బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి సూచీ అయిన సెన్సెక్స్ 469 పాయింట్లు నష్టపోయి 13,531 వద్ద ముగిసినది. అక్టోబరు 24న ఒక్క రోజులోనే 1,070 పాయింట్లు పడి 8,701కి దిగినది. అదే సంవత్సరం జనవరి 8న అది 20,873 వద్ద ఉన్నదన్న సంగతి గుర్తు చేసుకొన్నచో పతనం ఎంత లోతైనదో తెలుస్తుంది.

మనకు దానితో ఇచ్చిపుచ్చుకోవడాలు లేనప్పుడు దాని దివాలా మనలను ఎందుకు తాకవలెను? వాణిజ్యశాస్త్ర విద్యార్థులు తరగతిలో మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న ఇది. “ప్రపంచమంతా ఒక్కటైపోయినది గనుక” అని కొందరు పరీక్ష పత్రాలలో సమాధానం వ్రాస్తారు. అది సమాధానం కాదు, ప్రశ్ననే మరొక రూపంలో చెప్పడం. “జనం భయపడినారు గనుక” అని మరికొందరు వ్రాస్తారు. భయం ఉన్న మాట నిజమే. కాని భయపడిన ప్రతివాడును అమ్మడు. అమ్మినవారిలో పెక్కుమంది అమ్మక తప్పని స్థితిలో పడి అమ్మినారు. ఆ స్థితి ఎట్లా వచ్చినదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా దృష్టిలో సమాధానమంతయు నగదు అనే ఒక్క మాటలో ఉన్నది. ఈ మాట అరబ్బీ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోనికి వచ్చి, తెలుగు మాటయే అనిపించునంతగా స్థిరపడినది. జమ, ఖర్చు, వసూలు, బాకీ, హామీ అనేవి కూడ అట్లా వచ్చినవే. మన కళాశాలలో ఉర్దూ మాధ్యమ విద్యార్థియు, తెలుగు మాధ్యమ విద్యార్థియు పద్దు పుస్తకం తెరచినప్పుడు ఒకే మాటలు చదువుతారు. ఆస్తి వేరు, నగదు వేరు అన్న భేదం మన పెద్దలకు ఏ అర్థశాస్త్ర గ్రంథం చదవకుండానే తెలుసు. పది ఎకరాల పొలం ఉన్నవాడు కూడ కూతురి పెండ్లి నాటికి చేతిలో నగదు లేక అప్పుకు తిరగడం మనం చూడని సంగతి కాదు.

ముందుగా లేమన్ ఎట్టి బ్యాంకో తెలుసుకోవలెను. మన ఊరి బ్యాంకు జనం వద్ద డిపాజిట్లు తీసుకొని అప్పులు ఇస్తుంది. లేమన్ అటువంటిది కాదు. అది ఇతర సంస్థల నుండి స్వల్పకాలానికి, చాలావరకు ఒక్క రాత్రికి మాత్రమే, అప్పు తీసుకొనేది. ఆ సొమ్మును ఇండ్ల తాకట్టు అప్పులపై ఆధారపడిన బాండ్లలోను, భవనాలలోను, ఇతర సంస్థలకు ఇచ్చే అప్పులలోను పెట్టేది. మరునాడు పాత అప్పు తీర్చి కొత్త అప్పు తెచ్చుకొనేది. సొంత సొమ్ము ఒక డాలరు ఉంటే ఆస్తులు సుమారు ముప్పై డాలర్లు ఉండేవి. ముప్పై డాలర్ల ఆస్తి విలువ నూటికి నాలుగు వంతులు తగ్గినదనుకొందాము. నష్టం ఒక డాలరు ఇరవై సెంట్లు. అనగా సొంత సొమ్మంతయు హరించి, ఆపైన మరికొంత బాకీ మిగులుతుంది. అమెరికాలో ఇండ్ల ధరలు పడుతున్న కొలది ఇదే జరిగినది. రోజు అప్పు ఇచ్చేవారు ఒకనాడు ఇవ్వమన్నారు. అంతటితో ఆ సంస్థ కథ ముగిసినది.

అయితే ఇక్కడితో ఆగితే మన షేర్ల బజారు దాకా రాలేము. లేమన్ తాను అప్పు తెచ్చుకొనడమే గాక ఇతరులకు అప్పు ఇచ్చేది కూడ. హెడ్జ్ ఫండ్లు అని పిలువబడే పెద్ద మదుపు నిధులు తమ వాటాలను, బాండ్లను లేమన్ వంటి సంస్థల వద్ద ఉంచి, వాటి మీద అప్పు తీసుకొని, దేశదేశాలలో వాటాలు కొనేవి. లేమన్ లండన్ శాఖ కూలినప్పుడు ఆ శాఖ వద్ద ఉంచిన ఖాతాదారుల ఆస్తులు స్తంభించిపోయినవి. తమ ఆస్తి తమదే అయినను తీసుకొనుటకు వీలులేని పరిస్థితి. ఆ మరునాడే, సెప్టెంబరు 16న, అమెరికాలో రిజర్వ్ ప్రైమరీ ఫండ్ అనే నిధి యూనిట్ విలువ ఒక డాలరు నుండి 97 సెంట్లకు దిగినది. దాని వద్ద 78.5 కోట్ల డాలర్ల లేమన్ పత్రాలు ఉండడమే కారణం. మూడు సెంట్ల తరుగు స్వల్పమే. కాని అటువంటి నిధులలో సొమ్ము పెట్టుట బ్యాంకులో పెట్టుటతో సమానమని అందరూ నమ్మి ఉన్నారు. ఆ నమ్మకం చెదరగానే జనం సొమ్ము వాపసు అడిగినారు. అడిగినవారికి ఇచ్చుటకు నిధులకు నగదు కావలసివచ్చినది. అప్పు ఇచ్చిన బ్యాంకులు బాకీ తీర్చుమన్నవి. తీర్చుటకు హెడ్జ్ ఫండ్లకు నగదు కావలసివచ్చినది. ఒక్కమారుగా అందరికీ డాలర్లే కావలెను.

ఇటువంటి వేళ ఏమి అమ్ముతారు? విద్యార్థులు దీనిని శ్రద్ధగా గమనించవలెనని మా కోరిక. ఇంట్లో ఒకరికి అకస్మాత్తుగా జబ్బు చేసి ఆసుపత్రిలో వెంటనే సొమ్ము కట్టవలసి వచ్చినదనుకొందాము. వివాదంలో ఉన్న పొలం అప్పటికప్పుడు అమ్ముడుపోదు. అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు అసలే అమ్ముడుపోదు. చేతికున్న గాజులు తాకట్టు కొట్టుకు వెళ్ళిన గంటలో నగదుగా మారుతవి. గాజులు పోయినవంటే అవి చెడ్డ బంగారమని ఎవరూ అనరు. మంచి బంగారం గనుకనే ముందుగా పోయినవి. 2008లో న్యూయార్కులోను, లండన్‌లోను అమ్మవలసి వచ్చినవారి వద్ద ఉన్న ఇండ్ల బాండ్లకు కొనేవారే లేరు. బొంబాయి వాటాలకు మాత్రం కొనేవారు ఉన్నారు. బజారు రోజూ తెరచి ఉన్నది, ధర ప్రతి నిమిషం బోర్డు మీద కనబడుతున్నది, అమ్మిన సొమ్ము రెండు రోజులలో చేతికి వస్తున్నది. అంతకుముందు అయిదేండ్లలో ధరలు బాగా పెరిగి ఉండడం వలన అమ్మినా ఇంకా లాభమే మిగిలేది. అందువలన మన వాటాలు వారి పాలిట గాజులు అయినవి. 2008 సంవత్సరం మొత్తం మీద విదేశీ సంస్థాగత మదుపరులు మన షేర్ల బజారు నుండి నికరంగా 50 వేల కోట్ల రూపాయలకు పైగా ఉపసంహరించినారు.

దీనిని బట్టి వర్ధమాన విపణులను గూర్చిన ఒక విచిత్రం బయటపడుతుంది. ఏ బజారు సక్రమంగా నడుస్తున్నదో, ఎక్కడ అమ్మకం సులభమో, ఆ బజారుకే ఇటువంటి వేళ దెబ్బ ముందుగా తగులుతుంది. దోషం బజారుది కాదు. దాని మంచితనమే దానికి ఆ క్షణంలో శత్రువు అవుతుంది.

పతనానికి తోడు రూపాయి మారకపు రేటు. ఈ భాగం లెక్కలతో చెబితేనే స్పష్టపడుతుంది. ఒక విదేశీ నిధి వంద డాలర్లు తెచ్చినది. డాలరు 40 రూపాయలు ఉన్నప్పుడు దానికి 4,000 రూపాయలు వచ్చినవి, ఆ సొమ్ముతో వాటాలు కొన్నది. వాటాల ధర సగానికి పడి 2,000 రూపాయలు అయినది. ఈలోగా డాలరు 50 రూపాయలు అయినది. ఇప్పుడు అమ్మి తిరిగి డాలర్లు కొంటే చేతికి వచ్చేది 40 డాలర్లు. మనవానికి నూటికి యాభై నష్టం, వానికి నూటికి అరవై. ఇది ఊహా లెక్క అయినను నిజానికి దూరం కాదు. 2008 ఆరంభంలో 40 రూపాయల లోపు ఉన్న డాలరు ఆ సంవత్సరం చివరి నెలలలో 50 రూపాయలను తాకినది. విదేశీ మదుపరి అమ్మిన ప్రతిసారీ రూపాయలిచ్చి డాలర్లు కొంటాడు గనుక రూపాయి ఇంకొంచెం పడుతుంది. అది చూచి రెండవవాడు తన నష్టం పెరగకముందే వెళ్ళిపోవలెనని తొందరపడతాడు. వాని తొందర మూడవవానికి నష్టం తెస్తుంది. సినిమా హాలులో మంటలు లేచినప్పుడు తలుపు దగ్గర జరిగేదే ఇక్కడను జరుగుతుంది. అందరూ కలసి నిదానంగా వెళ్తే అందరికీ మేలే. కాని ముందుగా వెళ్ళినవానికి ఇంకా మేలు గనుక ఎవరూ నిదానించరు.

తలుపే మూసివేస్తే సరిపోదా అని కొందరు అంటారు. కొన్ని దేశాలు మూసి చూచినవి. రష్యాలో సెప్టెంబరు మధ్యలోనే వ్యాపారం నిలిపివేసినారు. ఇండొనేషియాలో అక్టోబరు 8న సూచీ ఒక్కపూట నూటికి పది వంతులకు పైగా పడిపోగా ఎక్స్ఛేంజిని మూసి, 13న తిరిగి తెరచినారు. అన్నింటికన్న గట్టిగా మూసినది కరాచీ. అక్కడి పతనం లేమన్ దివాలాకు ముందే, ఆ దేశపు సొంత కారణాల వలన మొదలైనది. ఆగస్టు 27న సూచీ ఇంతకు దిగువకు పడరాదని ఒక నేల నిర్ణయించినారు. ఆ నేల డిసెంబరు 15 వరకు కొనసాగినది. ఫలితం? ధర పడలేదు నిజమే. కాని ఆ ధరకు కొనేవారు లేరు గనుక వ్యాపారమూ లేదు. మూడున్నర నెలల పాటు వాటాలు గలవారు వాటిని చూచుకొనవచ్చునే గాని, అవసరానికి అమ్ముకొనుటకు వీలులేకపోయినది. నేల తీసివేసిన మరుక్షణం నుండి ధర ఆగిన చోటనే మళ్ళీ దిగజారుట మొదలుపెట్టినది. ఆ డిసెంబరు చివరనే ఎం.ఎస్.సి.ఐ. సంస్థ తన వర్ధమాన విపణుల సూచీ నుండి పాకిస్తాన్‌ను తొలగించినది. తిరిగి ఆ జాబితాలో చేరుటకు 2017 వరకు ఆగవలసివచ్చినది. 2021లో మళ్ళీ క్రింది తరగతికి దించినారు. ఒకటి రెండు రోజులు బజారు మూయుట గాభరాకు మందు కావచ్చును. నెలల తరబడి మూయుట మాత్రం ప్రమాదమే అని మా అభిప్రాయం. ఒకసారి తలుపు మూసిన ఇంటికి రెండవసారి అతిథి రాకముందు ఆలోచిస్తాడు.

మన దేశంలో దెబ్బ షేర్ల బజారుతో ఆగలేదు. 2003 నుండి మన పెద్ద కంపెనీలు చౌకవడ్డీకి విదేశాలలో అప్పు తెచ్చుకొనుటకు అలవాటుపడినవి. 2008 జూన్‌లో టాటా మోటార్స్ 230 కోట్ల డాలర్లకు జాగ్వార్ లాండ్ రోవర్‌ను కొన్నప్పుడు అందుకు తెచ్చినది స్వల్పకాలపు విదేశీ అప్పే. లేమన్ కూలగానే ఆ దారి మూసుకొన్నది. కంపెనీలన్నియు అప్పుకై స్వదేశీ బ్యాంకులకు పరుగెత్తినవి. అప్పు చాలనప్పుడు మ్యూచువల్ ఫండ్లలో తాము దాచిన సొమ్మును వెనుకకు తీసుకొన్నవి. ఫండ్లకు నగదు లేదు. అక్టోబరు 10 నాటికి బ్యాంకులు ఒకదానికొకటి ఒక్కరాత్రికి ఇచ్చే అప్పు మీద వడ్డీ నూటికి ఇరవై దరిదాపులకు చేరినది. మన బ్యాంకులు లేమన్‌లో నష్టపోలేదు గదా అన్న మాట ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు. నీరు మన చెరువు నుండి ఎవరూ తోడుకొనలేదు. పై ఊరి కాలువ ఎండిపోయి, ఆ ఊరివారంతా మన చెరువుకు కడవలతో వచ్చినారు.

నష్టం లేని చోట కూడ పుకారు ఎంత పని చేయగలదో ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకు విషయంలో చూచినాము. ఆ బ్యాంకు ఇంగ్లండు శాఖ వద్ద లేమన్ బాండ్లు సుమారు 5.7 కోట్ల యూరోల మేరకు ఉండేవి. అంత పెద్ద బ్యాంకుకు అది భరించరాని మొత్తం కాదు. అయినను పుకార్లు వ్యాపించి ఖాతాదారులు ఏ.టి.ఎం.ల ముందు బారులు తీరినారు. సెప్టెంబరు 30న రిజర్వు బ్యాంకు స్వయంగా ప్రకటన చేసి ఆ బ్యాంకు వద్ద చాలినంత నగదు ఉన్నదని చెప్పవలసివచ్చినది.

ఆ దినాలలో రిజర్వు బ్యాంకు గవర్నరు శ్రీ దువ్వూరి సుబ్బారావు. ఏలూరులో పుట్టినవారు, ఆంధ్రప్రదేశ్ కేడరుకు చెందిన ఐ.ఏ.ఎస్. అధికారి. 2008 సెప్టెంబరు 5న పదవి స్వీకరించినారు, పదవ రోజున లేమన్ కూలినది. ఆయనకు ముందు అయిదేండ్లు ఆ కుర్చీలో ఉన్నవారు శ్రీ యాగా వేణుగోపాల రెడ్డి. ఆయనది కడప జిల్లా, అదే కేడరు. తెలుగువారికి ఇది గర్వకారణమని చెప్పి ఊరుకొనుటకంటె ఇద్దరి పనిని కలిపి చదువుట ఎక్కువ ప్రయోజనకరం. బ్యాంకులు తమ డిపాజిట్లలో కొంత భాగాన్ని రిజర్వు బ్యాంకు వద్ద నగదుగా ఉంచవలెను. దీనిని నగదు నిల్వల నిష్పత్తి అంటారు. వేణుగోపాల రెడ్డిగారి కాలంలో అప్పులు మితిమీరి పెరుగుతున్నవని, ముఖ్యంగా స్థలాల, భవనాల వ్యాపారానికి ఇచ్చే అప్పులు ప్రమాదకరమని ఎంచి నిబంధనలు బిగించినారు. నిల్వల నిష్పత్తిని పెంచుతూ పోయి 2008 ఆగస్టు చివరకు నూటికి 9 వంతులకు తెచ్చినారు. అప్పుడు వ్యాపారవర్గాలు విసుగుకొన్నవి. అక్టోబరు నుండి మూడు మాసాలలో సుబ్బారావుగారు ఆ 9ని 5కు తగ్గించినారు. తగ్గించిన ఫలితంగా సుమారు 1,60,000 కోట్ల రూపాయలు బ్యాంకుల చేతికి వచ్చినవి. మ్యూచువల్ ఫండ్ల అవసరానికి బ్యాంకుల ద్వారా 20,000 కోట్ల ప్రత్యేక సదుపాయం అక్టోబరు 14న ప్రకటించినారు. గాదెలో ధాన్యం ఉన్నది గనుక కరువునాడు పెట్టగలిగినారు. నింపినవారు ఒకరు, విప్పినవారు మరొకరు. ఎవరిది గొప్ప అన్న వాదం మా తరగతిలో ఏటేటా జరుగుతుంది, ఏటేటా తేలకుండా మిగులుతుంది.

పరదేశపు సంస్థ కూలి మన నేల కంపించుట కొత్త సంగతి కాదు. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతుండగా ఆ దేశపు పత్తి ఇంగ్లండు మిల్లులకు అందక బొంబాయి పత్తికి అంతులేని గిరాకీ వచ్చినది. వచ్చిన డబ్బుతో బొంబాయిలో బ్యాంకులు, సముద్రాన్ని పూడ్చే కంపెనీలు పుట్టగొడుగుల వలె లేచినవి. యుద్ధం ముగియగానే పత్తి ధరయు, వాటాల ధరయు కూలినవి. లేవలేని ఆ స్థితిలో ఉండగా 1866 మే 10న లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే సంస్థ చెల్లింపులు నిలిపివేసినది. నెల తిరుగకముందే ఇండియాలో పెద్దపేరు గల ఆగ్రా అండ్ మాస్టర్మన్స్ బ్యాంకు కూడ తలుపులు మూసినది. ఇందులో ఒక చిత్రం ఉన్నది. ఆ యుద్ధకాలంలో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పత్తి వ్యాపారం చేసుకొనే అన్నదమ్ములు కొందరు ఉండేవారు. వారి కొట్టే తరువాత ఈ లేమన్ బ్రదర్స్ బ్యాంకు అయినది.

మద్రాసు రాజధానిలో 1906 అక్టోబరులో కూలిన ఆర్బత్‌నాట్ కంపెనీ కథ మరొక తీరు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ రాజధానిలోనివే. మద్రాసు జనం నమ్మి పెట్టిన డిపాజిట్లు లండన్ భాగస్వామి సంస్థ ద్వారా విదేశీ జూదపు వ్యాపారాలలో హరించుకొనిపోయినవి. యజమాని సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు జైలు శిక్ష పడినది. ఆ దెబ్బతో స్వదేశీ బ్యాంకు కావలెనన్న పట్టుదల పెరిగి 1907లో ఇండియన్ బ్యాంకు వెలసినది. ఈ రెంటికీ గల భేదం విద్యార్థులు గ్రహించవలెను. 1906లో మన సొమ్మే అక్కడ ఉన్నది, పోయినది. 2008లో మన సొమ్ము అక్కడ లేదు, వారి సొమ్ము ఇక్కడ ఉన్నది. అది వెళ్ళిపోవడమే మన నష్టం. మొదటి విధమైన ప్రమాదం బ్యాంకు పద్దులు చూచినచో తెలుస్తుంది. రెండవది ఏ బ్యాంకు పద్దులోను కనబడదు. ప్రభుత్వాలు, పత్రికలు “మన బ్యాంకులకు అక్కడ పెట్టుబడులు లేవు” అని ధైర్యం చెప్పినప్పుడు మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు వచ్చినదని తెలుసుకోవలెను.

అట్లయినచో ప్రతి విదేశీ బ్యాంకు దివాలాకు మన బజారు సగానికి పడవలసిందేనా? కాదు. 2023 మార్చి 10న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకును మూసివేసినారు. అంతకుముందు ఒక్కరోజులోనే ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు వాపసు అడిగినారు. వడ్డీరేట్లు పెరిగి, ఆ బ్యాంకు కొన్న ప్రభుత్వ బాండ్ల ధర తగ్గడం మూలకారణం. ఇక్కడను అదే భేదం. ఆస్తి ఉన్నది, నగదు లేదు. మార్చి 13న సెన్సెక్స్ 897 పాయింట్లు పడి 58,237 వద్ద ముగిసినది. మార్చి 19న 167 ఏండ్ల వయస్సు గల స్విట్జర్లాండు బ్యాంకు క్రెడిట్ స్విస్‌ను దాని పోటీదారు యు.బి.ఎస్. 300 కోట్ల ఫ్రాంకులకు కొనవలసివచ్చినది. క్రెడిట్ స్విస్‌లో దాదాపు పదోవంతు వాటా కొన్న సౌదీ నేషనల్ బ్యాంకు ప్రత్యక్షంగా నష్టపోయినది. ఇది 1906 తరహా నష్టం. మన బజారు మాత్రం ఆ నెలాఖరుకు 58,991కి చేరి, 13వ తేదీ మట్టం కన్న పైననే నిలిచినది.

ఎందుకింత భేదం? మొదటిది, అమెరికా ప్రభుత్వం రెండు రోజులలోనే ఆ బ్యాంకు డిపాజిట్లన్నింటికీ హామీ ఇచ్చినది, కేంద్ర బ్యాంకు నగదు సదుపాయం తెరచినది. స్విస్ ప్రభుత్వం కూడ ఒక్క వారాంతంలో పని ముగించినది. నగదు కొరకు పరుగు ఊరు దాటకముందే ఆగినది. 2008లో లేమన్‌ను అట్లా వదలివేసినారు. రెండవ కారణం మనకు దగ్గరిది. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కొంత సొమ్ము కట్టే పద్ధతి, ‘సిప్’ అని వాడుకలో ఉన్నది, 2008 తరువాత మధ్యతరగతి ఇండ్లలోనికి వచ్చినది. 2023 మార్చి ఒక్క మాసంలో ఈ మార్గాన 14 వేల కోట్ల రూపాయలకు పైగా బజారులోనికి చేరినది. విదేశీయులు అమ్మినప్పుడు కొనుటకు ఇంట్లోనే మనిషి ఉన్నాడు. 2008 అక్టోబరులో ఆ మనిషి లేడు, ఉన్నను వాని చేతిలో నగదు లేదు.

ఆ అక్టోబరులో అమ్మకాలు సాగిన ధరలను తరువాతి సంవత్సరపు ధరలతో పోల్చి చూచుట మంచిది. 2009లో విదేశీ సంస్థాగత మదుపరులు నికరంగా 80 వేల కోట్ల రూపాయలకు పైగా మన వాటాలు కొన్నారు. ఆ సంవత్సరాంతానికి సెన్సెక్స్ 17,464. అంతకు సగం ధరకు వదలుకొన్న సరుకునే ఆ వర్గం మళ్ళీ కొన్నది. తెలివితక్కువ వలన అట్లా చేసినారని అనుటకు వీలులేదు. అమ్మిననాడు వారికి నగదు కావలెను, కొన్ననాడు వారి వద్ద నగదు ఉన్నది.

ఇప్పుడు మన ముందున్న ప్రశ్న ఈ కొత్త గోడను గూర్చినది. నెలనెలా సిప్ కట్టే ఆ చేయి ఎవరిది? మన విద్యార్థుల అన్నలది, అక్కలది. హైదరాబాదులో గాని, డల్లాస్‌లో గాని సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ జీతంలో కొంత పొదుపు చేస్తున్నవారిది. వారి జీతాలు ఇచ్చే కంపెనీల ఖాతాదారులలో అమెరికా బ్యాంకులు, భీమా సంస్థలు ప్రముఖమైనవి. 2023లో పరుగు రెండు రోజులలో ఆగినది గనుక జీతాలకు ముప్పు రాలేదు. పరుగు ఆగక నెలల తరబడి సాగినచో అక్కడి బ్యాంకు ముందుగా పని తగ్గిస్తుంది, పని తగ్గితే ఇక్కడ జీతం ఆగుతుంది, జీతం ఆగితే ఇంటికి నగదు కావలెను. అప్పుడు సిప్ కట్టిన చేయియే యూనిట్లు అమ్మవలసివస్తుంది, అదియు విదేశీయుడు అమ్ముతున్న ఆ వేళనే. సుదీర్ఘమైన విదేశీ బ్యాంకు సంక్షోభంలో ఈ గోడ ఇంతవరకు పరీక్షకు నిలువలేదు.